ప్రాణంగా పెంచుకున్న కుక్క కరుస్తుంటే: చికిత్సా, జీవితాంతం కాపలానా, వేరే ఇల్లా, కారుణ్య మరణమా?

మోతీ రెండు నెలల పిల్లగా మా ఇంటికి వచ్చాడు. ఆరేళ్ళు నా మంచం పక్కనే పడుకున్నాడు. మూడేళ్ళు నిండేలోపు ఇద్దరిని కరిచాడు. ఐదో ఏట మా అక్క ముంజేతిలో దించిన కోరల గుర్తు ఇప్పటికీ అలాగే ఉంది. ఆ తర్వాత పద్నాలుగు నెలలు నాకు తెలిసిన ప్రతి దారీ ప్రయత్నించి, చివరికి వాడి తల నా ఒళ్ళో పెట్టుకుని ఇంజెక్షన్ ఇప్పించాను.

ఆ పద్నాలుగు నెలల్లో నాకు దొరికిన సలహాలు రెండే రకాలు. "కరిచే కుక్కని ఇంకా ఉంచుకున్నారా?" అనేవాళ్ళు కొందరు. "ప్రేమగా చూసుకుంటే ఏ కుక్కైనా మారుతుంది" అనేవాళ్ళు మరికొందరు. రెండు మాటలూ నన్ను ఏడిపించాయి తప్ప దారి చూపించలేదు. దారి చూపించింది ఒక నోటుపుస్తకం. దాని గురించి కింద చెబుతాను. చాలా కుక్కల విషయంలో ఆ పుస్తకం మాకు చెప్పిన దానికి పూర్తిగా వేరే సమాధానం చెప్పొచ్చు. అందుకే "చంపాలా వద్దా" అన్న ప్రశ్నతో మొదలుపెట్టకండి. దాని ముందు అడగాల్సిన ప్రశ్నలు చాలా ఉన్నాయి.

ఏ నిర్ణయమైనా తర్వాత, ఇవాళ చేయాల్సినవి

కరిచిన గాయాన్ని సబ్బుతో, ధారగా పారే నీళ్ళ కింద 15 నిమిషాలు కడగాలి. గాయం చిన్నదనిపించినా డాక్టర్‌కి చూపించాలి. రేబిస్ టీకా కావాలో వద్దో వాళ్ళు చెబుతారు. కుక్కకి టీకాలన్నీ వేయించాం కదా అని ఆగిపోకండి. కరిచిన కుక్కలో రేబిస్ లక్షణాలు కనిపిస్తాయేమో 10 రోజులు గమనించాలి. అప్పటివరకు మనుషులకి దూరంగా ఒక గదిలో ఉంచండి.

ఆ 10 రోజుల లెక్కకి ఇంకో అర్థం కూడా ఉంది. కోపంలోనో భయంలోనో వెంటనే కుక్కకి ప్రాణం తీయిస్తే ఆ గమనించే అవకాశం పోతుంది. రేబిస్ లేదని తేల్చడానికి మెదడు పరీక్ష ఒక్కటే మిగులుతుంది. కరిచిన రోజు రాత్రి ఏ నిర్ణయమూ తీసుకోవద్దని నేను చెప్పడానికి ఇదొక కారణం. ఆ రాత్రి మనం సరిగ్గా ఆలోచించలేం, అది రెండోది.

ఎప్పుడూ లేనిది ఉన్నట్టుండి తేడాగా ప్రవర్తిస్తూ, చొంగ కారుస్తూ, మింగలేక, తూలుతూ ఉంటే మాత్రం మీరే దగ్గరికి వెళ్ళకుండా వెంటనే వెటర్నరీ డాక్టర్‌కి ఫోన్ చేయండి.

ఏం చూసి తేల్చుకోవాలి

*కాటు ఎంత లోతు?* ఇయాన్ డన్‌బార్ అనే పశువైద్యుడు కాట్లని ఆరు మెట్లుగా విడదీశారు. ప్రపంచమంతా శిక్షకులు ఆ కొలతే వాడతారు. మొదటి మెట్టులో మీదికి వస్తుంది, పళ్ళు తగలవు. రెండో మెట్టులో పళ్ళు తగులుతాయి కానీ చర్మంలోకి గుచ్చుకోవు. మూడోది, ఒక్క కాటులో ఒకటి నుంచి నాలుగు గాట్లు, ఏదీ కోరపంటి పొడవులో సగానికి మించి దిగదు. నాలుగోదానిలో కనీసం ఒక గాటు అంతకంటే లోతుగా దిగుతుంది. కుక్క గట్టిగా పట్టి నొక్కిందని, లేదా పట్టి విదిలించిందని అర్థం. ఐదోది అలాంటి లోతు కాట్లు ఒకటి కంటే ఎక్కువ పడటం. ఆరోది ప్రాణం పోవడం.

మొదటి రెండు మెట్లలో ఉన్న కుక్క తన దవడని తాను అదుపు చేసుకుంటోంది. చాలా కుక్కలు అక్కడే ఉంటాయి, వాటికి ఆశ ఎక్కువ. నాలుగో మెట్టుకి చేరిన కుక్కకి ఆ అదుపు లేదు. పెద్దయ్యాక దాన్ని నేర్పడం దాదాపు కుదరదు. కుట్ల సంఖ్య చూసి మాత్రం కొలవకండి. మనం చెయ్యి లాక్కున్నప్పుడు చర్మం చీరి గాయం పెద్దదవుతుంది. లోతు చూడండి.

*ముందు చెబుతుందా?* గుర్రుమనడం, పెదవి ఎత్తడం, ఒళ్ళు బిగపట్టి కదలకుండా నిలబడిపోవడం, తెల్లగుడ్డు కనిపించేలా ఓరగా చూడటం, ఇవన్నీ కుక్క మనకి ఇచ్చే నోటీసు. గుర్రుమన్న ప్రతిసారీ కొడితే కుక్కలో భయం అలాగే ఉంటుంది, నోటీసు మాత్రం పోతుంది. తర్వాత "ఏ సూచనా లేకుండా కరిచింది" అంటాం. మోతీని నేను మొదటి రెండేళ్ళు అలాగే గదమాయించాను. అది నా తప్పు.

*ఎవరిని, ఎప్పుడు?* తిండి గిన్నె దగ్గరే గొడవైతే ఆ గిన్నెని వేరే గదిలో పెట్టొచ్చు. నడిచే మనుషులు, పిల్లల గొంతులు, తలుపు చప్పుడు, ఇలా బతుకులో తప్పించలేని వాటి మీద గొడవైతే పని ఎన్నో రెట్లు కష్టం.

*ఒంట్లో ఏముంది?* దీని మీద ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే మనం దాటేసేది ఇదే. నడుము కీళ్ళ నొప్పి, పంటి చీము, చెవి ఇన్ఫెక్షన్, థైరాయిడ్ తగ్గడం, చూపు మందగించడం, మూర్ఛ, మెదడులో గడ్డ, వీటిలో ఏదైనా కుక్కని కరిచేలా చేయొచ్చు. కుక్కలు నొప్పిని దాచుకుంటాయి. కుంటకుండానే బాధపడతాయి. మా నోటుపుస్తకంలో మొదటి రెండు నెలల్లో పదకొండు ఘటనలు రాశాం. వాటిలో ఏడు, వాడు పడుకుని ఉండగా ఎవరో వంగినప్పుడు జరిగాయి. అది చూసి డాక్టర్ ఎక్స్‌రే తీయించారు. రెండు తుంటి కీళ్ళూ అరిగిపోయి ఉన్నాయి. పరీక్షల్లో ఏమీ దొరక్కపోయినా కొన్ని వారాలు నొప్పి మందు ఇచ్చి తేడా చూడమని అడగొచ్చు. డాక్టర్లు అలా చేస్తారు.

*కుక్క సైజు, ఇంట్లో మనుషులు.* ఇది అన్యాయంగా అనిపిస్తుంది కానీ నిజం. ఐదు కిలోల కుక్క చేసే గాయం, నలభై కిలోల కుక్క చేసే గాయం ఒకటి కావు. చిన్నపిల్లల ముఖం సరిగ్గా కుక్క నోటి ఎత్తులో ఉంటుంది, అందుకే వాళ్ళకి తల మీదా మెడ మీదా కాట్లు ఎక్కువ.

*దాని బతుకు ఎలా ఉంది?* పశువైద్యురాలు ఆలిస్ విల్లాలోబోస్ 2004లో ఒక కొలత ఇచ్చారు. నొప్పి, ఆకలి, నీళ్ళు, శుభ్రత, సంతోషం, నడక, చెడ్డ రోజులకంటే మంచి రోజులు ఎక్కువా అనే ఏడు అంశాలకి 10 చొప్పున మార్కులు. జబ్బు కుక్కలకి అది చాలా ఉపయోగం. కరిచే కుక్కకి మాత్రం అందులో ఐదు అంశాలు బాగానే వస్తాయి, ఎందుకంటే తింటుంది, తాగుతుంది, పరిగెడుతుంది. మిగిలిన రెండూ, సంతోషం, మంచి రోజుల లెక్క, అక్కడే నిజాయితీగా ఉండాలి. రోజుకి ఇరవై గంటలు ఒక గదిలో, ప్రతి చప్పుడుకీ ఉలిక్కిపడుతూ గడిపే ప్రాణి సుఖంగా ఉందని మనం అనుకోలేం.

నోటుపుస్తకం

ప్రతి ఘటనకీ ఆరు విషయాలు రాయండి: తేదీ, ఎవరు, ఎక్కడ, దానికి ఐదు నిమిషాల ముందు ఏం జరిగింది, కుక్క ఏ సూచన ఇచ్చింది, మళ్ళీ మామూలు కావడానికి ఎంతసేపు పట్టింది. కరవకుండా ఆగిపోయిన ఘటనలు కూడా రాయాలి. ఇంట్లో అందరూ రాయాలి. "పాపం వాడు భయపడ్డాడు" వంటి సమర్థింపులు రాయకండి, జరిగింది మాత్రమే రాయండి. రెండు మూడు నెలల తర్వాత చదివితే, మన ప్రేమ కప్పేసిన విషయాలూ, మన భయం పెద్దవి చేసిన విషయాలూ రెండూ బయటపడతాయి.

మొదటి దారి: చికిత్స, శిక్షణ

పూర్తి వైద్య పరీక్ష, ప్రవర్తన తెలిసిన పశువైద్యుడి సలహా, మందులు, భయం పుట్టించే వాటికి దూరం నుంచి కొద్దికొద్దిగా అలవాటు చేయడం, ఇవన్నీ కలిపి ఒకే చికిత్స. ఫ్లూక్సెటిన్, క్లోమిప్రమిన్ వంటి, ఆందోళన తగ్గించే మందులు పూర్తిగా పనిచేయడానికి 4 నుంచి 8 వారాలు పడుతుంది. రెండో వారంలోనే "పనిచేయలేదు" అని ఆపేయొద్దు. ఇంట్లో ఉన్న మనుషుల మందులు మీ అంతట మీరు వేయొద్దు.

శిక్షకుణ్ణి ఎంచుకునేటప్పుడు, "కుక్క తప్పు చేస్తే మీరు ఏం చేస్తారు?" అని అడగండి. కొట్టడం, వెల్లకిలా పడేసి అదమడం, షాక్ పట్టీ వంటి జవాబు వస్తే వెనక్కి వచ్చేయండి. 2009లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఒక సర్వే ప్రచురించారు. కొట్టడం లేదా తన్నడం చేసిన యజమానుల్లో 43 శాతం మంది, దానికి కుక్క ఎదురు తిరిగిందని చెప్పారు. వెల్లకిలా అదిమితే 31 శాతం. కన్నార్పకుండా చూసి భయపెట్టినా 30 శాతం.

ఈ దారికి నెలల సమయం, డబ్బు, ఓపిక కావాలి. దీనికి పూర్తిగా నయమయ్యే హామీ లేదు. "తగ్గింది" అనే మాట వాడతారు, "పోయింది" అని మంచి నిపుణులెవరూ అనరు. మోతీకి నొప్పి మందుతో వంగినప్పుడు కరవడం దాదాపు ఆగింది. ఆ నాలుగు నెలలు మాకు పండగలా గడిచాయి. కానీ మిగిలిన నాలుగు ఘటనల తరహావి ఆగలేదు.

రెండో దారి: జీవితాంతం కట్టుదిట్టం

మూతికి బుట్టలాంటి మజిల్, గదులకి గేట్లు, ఎప్పుడూ ఒకదాని వెనక ఇంకో తలుపు, అతిథులు వస్తే కుక్క ముందే వేరే గదిలో. మజిల్ బుట్టలాంటిదే కొనండి. దానిలో కుక్క నోరు తెరిచి రొప్పగలదు, నీళ్ళు తాగగలదు. మూతిని బిగించే గుడ్డ మజిల్ వేసి ఎక్కువసేపు ఉంచితే ఒంట్లో వేడి బయటికి పోక ప్రమాదం. తినే వస్తువు లోపల పెట్టి, కుక్క తనంతట తానే మూతి దూర్చేలా కొన్ని వారాల్లో అలవాటు చేయాలి.

ఒక్కరే ఉండే ఇంట్లో, అతిథులు అరుదుగా వచ్చే చోట, కోపం ఒకటి రెండు విషయాలకే పరిమితమైన కుక్కతో ఇది ఏళ్ళ తరబడి నడుస్తుంది. అలా హాయిగా ముసలివైపోయిన కుక్కల్ని చూశాను. సమస్య తోటి కుక్కలతోనే, మనుషులతో కాదు అన్నప్పుడు కూడా ఎక్కువసార్లు ఈ దారే సరిపోతుంది.

కానీ ఈ ఏర్పాటు మనుషుల మీద నడుస్తుంది, మనుషులు అలసిపోతారు. మా ఇంట్లో ఒక మధ్యాహ్నం గడియ సరిగా పడలేదు. మా మేనకోడలు హాల్లో నేల మీద బొమ్మలు వేసుకుంటోంది. అక్క పిల్లని ఎత్తుకున్న క్షణంలో మోతీ పళ్ళు గాల్లో టక్కుమన్నాయి. ఏమీ జరగలేదు. నోటుపుస్తకంలో ఆ రోజు పేజీ రాయడానికి నాకు మూడు రోజులు పట్టింది. ఎవరినీ తప్పు పట్టలేదు, ఎందుకంటే ఆ గడియ వేసింది నేనే.

ఒక ప్రశ్న వేసుకోండి: ఈ తలుపు ఒక్కసారి తెరుచుకుంటే జరగగల అతి పెద్ద నష్టం ఏమిటి? చిన్న గాటు అయితే ఈ దారిలో వెళ్ళొచ్చు. పసిపిల్ల ముఖం అయితే, ఎన్ని గేట్లు పెట్టినా నేను వద్దనే అంటాను.

మూడో దారి: వేరే ఇల్లు

ఇది అందరం ముందు కోరుకునేదే. ఎక్కడో పెద్ద ఆవరణ, పిల్లలు లేని ఇల్లు, అనుభవమున్న మనిషి. అలాంటి ఇళ్ళు చాలా తక్కువ, అక్కడ ఇప్పటికే ఇలాంటి కుక్కలు ఉండి ఉంటాయి. మొదటి రెండు మెట్ల కాట్లు, స్పష్టమైన కారణం ఉన్న కుక్కకి ఇది నిజమైన అవకాశం. ఉదాహరణకి, పిల్లల అల్లరికి మాత్రమే తట్టుకోలేని కుక్క పెద్దవాళ్ళ ఇంట్లో ప్రశాంతంగా బతకొచ్చు.

దీనికి ఒకటే షరతు. ఉన్నది ఉన్నట్టు, ప్రతి కాటూ చెప్పాలి. వీలైతే నోటుపుస్తకమే ఇవ్వాలి. అన్నీ విన్న తర్వాత కూడా తీసుకుంటానంటే అప్పుడు ఇవ్వండి. విషయం దాచి ఇస్తే తర్వాతి కాటు మనకి తెలియని ఇంట్లో, ఏ జాగ్రత్తా తెలియని మనిషికి పడుతుంది. షెల్టర్‌లో ఇచ్చినా ఇంతే. తీవ్రంగా కరిచిన కుక్క అక్కడ నెలల తరబడి బోనులో ఉండి, చివరికి ఎవరూ తెలియని చోట అదే ఇంజెక్షన్‌కి వెళ్ళొచ్చు. వీధిలోనో ఊరి బయటో వదిలేయడాన్ని నేను దారిగా లెక్కపెట్టను.

నాలుగో దారి: కారుణ్య మరణం

కాట్లు లోతైనవి, ముందు సూచన లేదు లేదా దొరకడం లేదు, వైద్యం ప్రయత్నించారు, ఇంట్లో బలహీనులు ఉన్నారు, కుక్క కూడా నిత్యం భయంలో ఉంది. ఇవి కలిసినప్పుడు ఇది క్రూరత్వం కాదు, బాధ్యతతో తీసుకునే నిర్ణయం. ఒంట్లో జబ్బు వచ్చి చనిపోయే కుక్కకి మనం ఇచ్చే దయ, మనసులో జబ్బున్న కుక్కకి ఇవ్వకూడదని ఎక్కడా లేదు.

"నువ్వు పెంచిన తీరు వల్లే" అనే మాట మీరు వింటారు. పిల్ల 3 నుంచి 14 వారాల మధ్య ఏం చూసింది, తల్లి కడుపుతో ఉన్నప్పుడు ఎంత ఒత్తిడిలో ఉంది, వంశంలో ఏముంది, ఒంట్లో నొప్పి ఉందా, వీటిలో సగం మీ చేతికి రాకముందే జరిగిపోయినవి. నా గదమాయింపుల తప్పు నాది, ఒప్పుకుంటాను. అంతా నాదే అని మాత్రం ఇప్పుడు అనుకోను.

| దారి | ఎవరికి సరిపోతుంది | ఏం అడుగుతుంది | ఎక్కడ దెబ్బతింటుంది |
|---|---|---|---|
| చికిత్స, శిక్షణ | 1 నుంచి 3 మెట్ల కాట్లు, కారణం తెలిసిన కుక్క | నెలలు, డబ్బు, ఇంట్లో అందరి సహకారం | లోతు కాట్లు, సూచన లేని దాడులు |
| కట్టుదిట్టం | పిల్లలు లేని ఇల్లు, ఒకటి రెండు కారణాలు | ప్రతిరోజూ తప్పని జాగ్రత్త | ఒక్క మరుపు |
| వేరే ఇల్లు | ఈ ఇంటి పరిస్థితే కారణమైన కుక్క | పూర్తి నిజం చెప్పడం | దాచిన చరిత్ర |
| కారుణ్య మరణం | లోతు కాట్లు, ప్రయత్నాలు అయిపోయిన ఇల్లు | ధైర్యం, తర్వాతి దుఃఖం | ఆ రాత్రే తొందరపడటం, నొప్పిని పరీక్షించకపోవడం |

మీ ఇంటిని బట్టి

పసిపిల్లలున్న ఇంట్లో, మూడో మెట్టు కాటు పిల్లల మీదే పడితే, చికిత్స నడిచే నెలల్లో కుక్క ఆ ఇంట్లో ఉండకూడదు. తాత్కాలికంగా ఇంకో చోట పెట్టగలరా అన్నది మొదటి ప్రశ్న. పెద్దవయసు తల్లిదండ్రులున్నచోట కాటు కంటే కుక్క వల్ల కిందపడటం ఎక్కువ ప్రమాదం కావొచ్చు, అది కూడా లెక్కలోకి రావాలి. భార్యాభర్తల్లో ఒకరు "ఇక చాలు" అని, ఇంకొకరు "ఇంకొక్క నెల" అంటుంటే, కలిసి డాక్టర్ దగ్గరికి వెళ్ళి నోటుపుస్తకం ఆయన ముందు పెట్టండి. మా ఇంట్లో ఆ "ఇంకొక్క నెల" అన్నది నేను. "ఇదే కుక్క మీ ఇంట్లో ఉంటే ఏం చేస్తారు?" అని మేము డాక్టర్‌ని అడిగాం. ఆయన వెంటనే జవాబు చెప్పలేదు. పేజీలన్నీ తిప్పి చూసి, అప్పుడు చెప్పారు.

ఆ రోజు

కరిచే కుక్క అని ముందే చెప్పండి. రద్దీ లేని సమయం అడగండి, లేదా డాక్టర్ ఇంటికి రాగలరా కనుక్కోండి. బయలుదేరే ముందు ఇవ్వడానికి మత్తు మాత్రలు రాసిస్తారు. తర్వాత కండకి ఒక మత్తు ఇంజెక్షన్ ఇస్తారు. కుక్క గాఢంగా నిద్రలోకి జారాక మజిల్ తీసేయొచ్చు. ఇది తప్పకుండా అడగండి. చాలా నెలల తర్వాత వాడి మూతిని మజిల్ లేకుండా ముట్టుకున్నాను. చివరిది పెంటోబార్బిటాల్, రక్తనాళంలోకి ఎక్కువ మోతాదులో ఇచ్చే మత్తుమందు. కొన్ని సెకన్లలో స్పృహ పూర్తిగా పోతుంది, కొద్ది నిమిషాల్లో గుండె ఆగుతుంది. కళ్ళు తెరిచే ఉండొచ్చు, ఒకటి రెండు దీర్ఘ శ్వాసలు రావొచ్చు, మూత్రం పోవొచ్చు. అది బాధ కాదు, అప్పటికే కుక్కకి ఏమీ తెలియదు. ఎవరూ నాకు ముందు చెప్పలేదు కాబట్టి మీకు చెబుతున్నాను.

పిల్లలకి "నిద్రపుచ్చాం" అని చెప్పొద్దు. నిద్ర అంటే భయపడే పిల్లలున్నారు. "వాడికి మనసు బాగోలేదు, డాక్టర్ బాగు చేయలేకపోయారు, చనిపోయాడు" అంటే చాలు.

తర్వాత వచ్చే దుఃఖంలో ఒక వింత ఉంటుంది. గడియ వేసిందా లేదా అని చూడక్కర్లేని మొదటి రాత్రి హాయిగా నిద్రపడుతుంది, పొద్దున్నే ఆ నిద్ర పట్టినందుకు ఏడుపొస్తుంది. ఆ రెండూ నిజమే. "ఇంకొంచెం ప్రయత్నించి ఉండాల్సింది" అని ఎవరైనా అన్నప్పుడు, లేదా నాకే అలా అనిపించిన రాత్రుల్లో, నోటుపుస్తకం తీసి మొదటి పేజీ నుంచి చదువుతాను. పద్నాలుగు నెలల పేజీల్లో ఒక చోట మాత్రం ఘటన కాదు, వేరే విషయం రాసి ఉంది: "ఇవాళ ఏమీ జరగలేదు. సాయంత్రం వర్షంలో మోతీ తోక ఊపుతూ నిలబడ్డాడు."